ఉద్యోగ ప్రకటనలలో వేతన వెల్లడి: కొలరాడో చట్టం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగ ప్రకటనలోనే వేతన శ్రేణిని పేర్కొనాలన్న నిబంధన 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసాన్ని నివారించేందుకు 2019లో చేసిన 'సమాన పనికి సమాన వేతనం' చట్టంలో ఇది భాగం. అభ్యర్థి పూర్వ వేతనాన్ని అడగడాన్ని సైతం ఈ చట్టం నిషేధించింది.

రాష్ట్రంలో ఒక్క ఉద్యోగి ఉన్న యజమానికి కూడా ఇది వర్తిస్తుంది. ఉల్లంఘనకు 500 నుండి 10,000 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు.

నిబంధనను తప్పించుకొనేందుకు కొన్ని సంస్థలు ఇంటి నుండి చేసే ఉద్యోగాలకు కొలరాడో వాసులు అనర్హులని ప్రకటించాయి. రాష్ట్రంలో సిబ్బంది ఉన్న సంస్థలకు అట్టి షరతు మినహాయింపు కాజాలదని కార్మిక శాఖ 2021లో స్పష్టం చేసింది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలలో ఇటువంటి నిబంధనలు 2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి.