ఇరవై మూడేళ్ళకు అందిన పతకం



నేను రిటైరయ్యాక పెన్షను ఖరారు కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ లేదన్నారు. చేసిన సర్వీసుకు సాక్ష్యం వెతుక్కోవలసి రావడం ఎంత బాధో అప్పుడు తెలిసింది. ఆ తరువాత పిల్లలతో కొడగు వెళ్ళాము. మడికేరి బస్టాండు దగ్గరి కూడలిలో ఒక విగ్రహం చూసి మా మనవడు "ఈయనెవరు తాతయ్యా?" అని అడిగాడు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఆయన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య. అజ్జమాడ ఇంటిపేరు. మనలాగే కొడవలు కూడా ఇంటిపేరు ముందు రాస్తారు. 1932 డిసెంబరు 24న జన్మించారు. కాఫీ తోటల ఆ చిన్న సీమ జనరల్ కరియప్పను, జనరల్ తిమ్మయ్యను దేశానికిచ్చింది. అక్కడ కైల్‌పోదు పండుగనాడు ఆయుధాలకు పూజ చేస్తారు. దేవయ్యగారు మాత్రం భూమి మీద సైన్యంలో కాక వైమానిక దళంలో చేరారు.

1965 సెప్టెంబరు 7న మన మిస్టేర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరంపై దాడికి బయలుదేరాయి. దాడికి నిర్ణయించినవి 12. ఏదైనా మొరాయిస్తే బదులు వెళ్ళడానికి ఉంచిన అదనపు విమానంలో దేవయ్యగారున్నారు. ఆయన కూడా వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమైందో మనవాళ్ళెవరూ చూడలేదు. రికార్డులో 'ఆచూకీ లేదు' అన్న మాట మిగిలింది. అప్పటికి ఆయన వయసు 32.

1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పాకిస్తాన్ వైమానిక దళం గురించి రాసిన పుస్తకంతో అసలు సంగతి బయటపడసాగింది. ఆనాడు దేవయ్యగారి విమానాన్ని ఎదుర్కొన్నది స్టార్‌ఫైటర్. ధ్వనికి రెండింతల వేగంతో పోగలిగిన అమెరికా తయారీ విమానం. మిస్టేర్‌కు ఆ వేగంలో సగం కూడా లేదు. తూటాలు తగిలినా దేవయ్యగారు పారిపోలేదు, వెనుదిరిగి కలబడ్డారు. స్టార్‌ఫైటర్ కూలింది. దాని పైలట్ అంజద్ హుస్సేన్ పారాచూట్‌తో బతికి బయటపడ్డారు. దేవయ్యగారు అక్కడే నేలకొరిగారు.

ఆనాటి దాడికి నాయకత్వం వహించిన తనేజాగారు ఈ సంగతి తెలిశాక పై అధికారులకు రాశారు. 1988లో ప్రభుత్వం దేవయ్యగారికి మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. యుద్ధం జరిగిన 23 ఏళ్ళకు ఆయన సతీమణి దానిని అందుకున్నారు.

నాకు పద్నాలుగు నెలలే దీర్ఘమనిపించాయి. ఆ ఇల్లాలు ఇరవై మూడేళ్ళు ఎదురుచూశారు. సాక్ష్యం అవతలి పక్షం నుంచి రావలసి వచ్చింది. అది కాగితం మీదకెక్కింది గనుకనే మనకూ తెలిసింది.

మిత్రులారా, మనతో పనిచేసి పోయినవారి మంచి పని మీకు గుర్తుంటే, ఒక్క పేజీ అయినా రాసి వారి పిల్లలకు ఇవ్వండి. మా మనవడికి నేను ఈ కథ చెప్పాను. "మళ్ళీ మడికేరి వెళదాం తాతయ్యా, ఈసారి ఆయనకు దండం పెట్టి వద్దాం" అన్నాడు.