మధుమేహం: పాత పథ్యం, కొత్త కారణం

చిలకలూరిపేట నుంచి ఒంగోలు పోయే రహదారి మీద మార్టూరు వస్తుంది. చుట్టూ ప్రత్తి, మిరప, పొగాకు పండే చేలు. నాగలి దున్ని, నూతులు త్రవ్వి ఈ నేలను సాగు చేసినవారి మనుమలలో ఎందరో నేడు వైద్యుని వద్ద కూర్చుని, "చక్కెర ఎంత వున్నది?" అని అడుగుతున్నారు. ఈ మార్పు వెనుక వున్న చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచినాము.

మధుమేహం మనకు కొత్త వ్యాధి కాదు. పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది మరొకటి అని సుశ్రుత సంహిత నాడే విభజించినది. ధనవంతుడైన రోగిని చామలు, నివ్వరి ధాన్యం, ఉసిరిక, వెలగ పండ్లు తిని బ్రతుకుమన్నది. పేదవానిని నూరు యోజనాలు నడవమన్నది. లేదా నుయ్యి త్రవ్వమన్నది. అనుభవం చికిత్సను చూపినది. కారణం మాత్రం మరుగుననే వుండిపోయినది.

1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను కనుగొన్నారు. రోగుల ప్రాణం నిలిచినది. కాని ఏళ్లు గడిచేకొద్దీ కన్ను, మూత్రపిండం, నరం చెడిపోవడం ఎందువల్ల? రక్తంలో చక్కెర మితిమీరినప్పుడు జీవకణంలోని శక్తి కేంద్రాలలో ఆమ్లజని నుంచి తీక్ష్ణమైన అణువులు అధికంగా పుడతవి. ఇనుమును త్రుప్పు తిన్నట్లు అవి రక్తనాళాలను తింటవి. 1985లో హెల్ముట్ సీస్ ఈ స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు పెట్టినారు. మధుమేహంలో కలిగే పలు నష్టాలకు ఇదే మూలమని 2001లో మైకేల్ బ్రౌన్లీ ప్రతిపాదించినారు. పొగ త్రాగడం, స్థూలకాయం, కదలని జీవితం ఈ ఒత్తిడిని పెంచుతవి.

ఇక మన పల్లెల సంగతి. మెట్ట ప్రాంతాలలో ఒకప్పుడు జొన్న, వరిగ, కొర్ర ప్రధానాహారం. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలినారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినది. వరి మీద నేరం మోపడం మా ఉద్దేశం కాదు. అది పేదవాని ఆకలి తీర్చినది. అయితే నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. కంచంలోని అన్నం మాత్రం తగ్గలేదు.

ఈ త్రుప్పుకు విరుగుడు మాత్రలలో దొరుకుతుందని కొందరి ఆశ. హంగరీలోని సెగెడ్ నగరంలో సెంట్ జ్యోర్జీ సి విటమినును సమృద్ధిగా తీసినది మిరపకాయల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. మన చేలలోని పచ్చిమిరపలోను ఆ విటమిను వున్నది. కాని సి, ఇ విటమిను మాత్రలను అధిక మోతాదులో మ్రింగుతూ వ్యాయామం చేసిన యువకులలో, ఇన్సులిను పనితనం వ్యాయామం వల్ల మెరుగుపడవలసినంత మెరుగుపడలేదని 2009లో జర్మనీ పరిశోధకులు ప్రకటించినారు. శ్రమలో పుట్టే కొద్దిపాటి ఒత్తిడే శరీరానికి ఆత్మరక్షణ నేర్పుతుందని వారి నిర్ణయం.

చెన్నైలో జరిగి 2006లో ప్రకటితమైన పరిశోధన మనకు మరింత దగ్గరిది. మధుమేహపు అంచున వున్నవారిలో సాధారణ సలహా మాత్రమే పొందినవారు మూడేండ్లలో నూటికి 55 మంది వ్యాధి పాలైనారు. ఆహారం, నడక దిద్దుకున్నవారిలో ఆ సంఖ్య 39.

ఒక్క విషయంలో సుశ్రుతుని మాట నేడు చెల్లదు. ఆయన చెప్పులు లేకుండా నడవమన్నాడు. మధుమేహం ముదిరి నరాలు మొద్దుబారిన పాదానికి ప్రత్తి మోడు గ్రుచ్చుకున్నా తెలియదు. ఆ చిన్న గాయమే కాలు తీయించే దాకా పోవచ్చు. కనుక నడవండి, చెప్పులు తొడిగి నడవండి. రాత్రి దీపం వెలుతురులో అరికాళ్లు చూసుకోండి. పొగ మానండి. వైద్యుడిచ్చిన మందు మాత్రం మానకండి.