నకలులో నిలిచిన పాదములు: ఆఖరి రాత్రి భోజన చిత్రముపై ఒక పరిశీలన

నందిగాంలో ఒక సంఘ యువకుడు నూనె రంగులు నేర్చుకొనుటకై క్యాలెండరులోని ఆఖరి రాత్రి భోజన చిత్రమును కాన్వాసుపై దించుచున్నాడు. “నకలు దించితే ఏటొస్తాది బాబూ, సొంతంగా ఏదైనా గియ్యకూడదేటి?” అని సంఘపెద్ద ఒకరు మా యెదుటనే అతనిని అడిగారు. కెనడియన్ బాప్టిస్టు మిషనెరీలు టెక్కలి, సోంపేటలు కేంద్రములుగా సేవచేసిన ప్రాంతమిది. గనుక మందిరపు గోడలపై బొమ్మలు అరుదే గాని, విశ్వాసుల ఇళ్లలో ఈ చిత్రము తరచుగా కనబడుతుంది. పెద్దగారి ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించదలచాము.

లియొనార్డో డావిన్సి దీనిని మిలాను పట్టణములోని సాంతా మరియా డెల్లె గ్రాట్సియె ఆశ్రమ భోజనశాల గోడపై సుమారు 1495–98 మధ్య చిత్రించాడు. తడి సున్నముపై రంగు వేసి, అది ఆరేలోపు పని ముగించుట ఆనాటి ఇటలీ పద్ధతి. నిదానముగా దిద్దుకొనే అలవాటుగల లియొనార్డో మాత్రం ఎండిన గోడపై గుడ్డుసొన, నూనె కలిసిన రంగులు వాడాడు. ఆయన బ్రతికియుండగానే అవి చెడిపోసాగాయి. 1652లో ఆ గోడలో ద్వారము కోసినప్పుడు ప్రభువు పాదములున్న భాగమే పోయింది. శిష్యుల పాదములు కడిగిన రాత్రి చిత్రములో ఆయన పాదములే లేవు!

అవి నకలులో నిలిచాయి. లియొనార్డో శిష్యవర్గమునకు చెందిన జాంపియెత్రీనో సుమారు 1520లో కాన్వాసుపై నూనె రంగులతో, దాదాపు మూలమంత వెడల్పున ఒక ప్రతి తీశాడు. గోడపై గురువుకు దక్కని మన్నిక కాన్వాసుపై శిష్యునికి దక్కింది. నేడు లండను రాయల్ అకాడమీకి చెందిన ఈ ప్రతిలో పైభాగము తెగిపోయినను పాదములున్నాయి, యూదా చేతి దగ్గర ఒరిగిన ఉప్పుపాత్ర ఉంది. 1978–1999 మధ్య మూలచిత్రమును శుద్ధిచేసినవారికి ఇది ఆధారమయ్యింది. మూలప్రతులు ఒక్కటియు మిగలని క్రొత్త నిబంధనను చేవ్రాత ప్రతుల ద్వారానే చదువుకొనుచున్న మనకు ఇందులో వింత లేదు.

ఇక నేర్చుకొనువాని సంగతి. గడులు గీసి దించువాడే పైకప్పు గీతలన్నియు ప్రభువు కుడి కణత వద్ద కలియుట కనుగొంటాడు. అక్కడ మేకు దిగిన గుర్తు శుద్ధి చేసినవారికి దొరికింది. పన్నెండుగురు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు. ప్రభువు శిరస్సు వెనుక వలయము లేదు, కిటికీ వెలుగే ఉంది. ఊరకే చూచువానికి ఇవి తట్టవు. గీత తప్పినవానికి తడతాయి.

అయితే ప్రతి తీయువాడు తప్పును సహితము మోసుకొనిపోతాడు. ఆ గది, ఆ ఎత్తైన బల్ల 15వ శతాబ్దపు ఇటలీవి. యోహాను 13వ అధ్యాయములోని శిష్యుడు ప్రభువు రొమ్మున ఆనుకొన్నది కుర్చీలో కూర్చుండి కాదు; ఆనాటి విందులో ప్రక్కకు ఒరిగి భుజించేవారు. ఈ చిత్రమును మనస్సులో ఉంచుకొని ఆ భాగమును బోధించిన పొరపాటు మాకును ఉన్నది.

ఆ యువకుని కాన్వాసుపై ఇంకను పాదములు రాలేదు. క్యాలెండరులో ఆ చోట ద్వారమే ఉంది. జాంపియెత్రీనో ప్రతి అచ్చు ఒకటి అతనికి పంపాము.