చూపు నిలుపవలసిన చోటు

ద్రోణుఁడు పరీక్షించినపుడు అర్జునునకు పక్షిశిరము దక్క అన్యము గానరాలేదను కథ మనకు విదితమే. బల్లపై కఱ్ఱతో బంతులను గొట్టు స్నూకరు ఆటకును ఈ ధర్మమే మూలము. ఈ యాట 1875లో మన దేశమందే, జబల్పూరున, ఆంగ్ల సైనికాధికారుల నడుమ బుట్టినది. ఇందు కఱ్ఱ తాఁకునది తెల్లబంతిని; బల్లయంచు సంచిలో పడవలసినది రంగుబంతి. ఆటకాఁడు రెంటిని మార్చి మార్చి చూచి, కొట్టు క్షణమున దృష్టిని రంగుబంతిపైననే నిలుపవలెనని పెక్కండ్రు గురువుల మతము. చేయి చూపును వెంబడించును గదా!

1927 మొదలు 1946 వఱకు 15 మాఱులు జగజ్జేతయైన ఆంగ్లేయుఁడు జో డేవిసునకు కుడికంటి చూపు మిక్కిలి మందము. ఆయన కఱ్ఱను ఎడమకంటి క్రిందుగా నడిపి గెలిచెను. కావున కన్ను లెన్ని యనుట గాదు, చూపు నెచట నిలిపితి మనునదే ప్రధానము.