కుదురులేనితనానికి కొలతలు

1902లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో డాక్టర్ జార్జ్ స్టిల్ నిగ్రహం లేని పిల్లల గురించి ఉపన్యసించినప్పుడు ఆయన దగ్గర కొలతలేమీ లేవు. తాను చూసిందీ, పెద్దలు చెప్పిందీ, అంతే. లోపం నైతిక నిగ్రహంలో ఉందని తేల్చారాయన. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ ప్రవర్తన సమస్యలున్న 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూశాడు. దాదాపు సగంమందికి చదువు ఒక్కసారిగా గాడిన పడింది. అక్కడా దగ్గరుండి చూసినవాళ్ల మాటే ఆధారం.

1959లో షుల్మన్, రైస్మన్ అనే ఇద్దరు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. తమంతట తామే కీ ఇచ్చుకునే చేతి గడియారాలను తీసుకుని, ఒళ్లు కదిలితేనే ముల్లు కదిలేలా మార్చారు. వాటిని పిల్లల మణికట్టుకూ, చీలమండకూ కట్టారు. కాసేపయ్యాక చూస్తే ముల్లు ఎంత తిరిగిందో పిల్లవాడు అంత కదిలినట్టు. కదలికను లెక్కపెట్టే కుర్చీలూ వచ్చాయి. నేలమీద గళ్లు గీసి ఎన్ని దాటాడో లెక్కించినవాళ్లూ ఉన్నారు.

ఇవేవీ బడికి పనికొచ్చే సరుకు కాదు. 1969లో మనస్తత్వవేత్త కీత్ కానర్స్ పిల్లల ప్రవర్తనపై 39 అంశాల పత్రం టీచర్ల చేతికిచ్చాడు. ఒక్కోదానికి ‘అసలు లేదు’ నుంచి ‘చాలా ఎక్కువ’ దాకా నాలుగు జవాబులు, సున్నా నుంచి మూడు మార్కులు. మందుల పరీక్షల కోసం పుట్టిన ఆ పత్రం సులువుగా, చవగ్గా ఉండటంతో దేశాలు దాటింది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఈ పిల్లల విషయంలో ఏకాగ్రత లోపాన్ని ముందుకు తెచ్చి, అతి చలాకీతనాన్ని వెనక్కి నెట్టింది.

అయినా కదలికను కొలవడం ఆగలేదు. 1983లో మానసిక వైద్యురాలు జుడిత్ రాపొపోర్ట్ బృందం అతి చలాకీతనం ఉన్న 12 మంది అబ్బాయిల నడుముకు చిన్న యంత్రం కట్టి వారమంతా రాత్రింబవళ్లు నమోదు చేసింది. మిగతా పిల్లలకన్నా వీళ్లు నిద్రలోనూ ఎక్కువే కదిలారు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది మాత్రం లెక్కలు, చదువు క్లాసుల్లో. ఆటల పీరియడ్‌లో అందరూ ఒకటే. అంటే కొలతలో పిల్లవాడితోపాటు బెంచీ కూడా ఉందన్నమాట.

పక్కవాళ్లూ ఉన్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డిసెంబరు 31 బడి ప్రవేశానికి గడువు. అక్కడి 2012 అధ్యయనం ప్రకారం, ఒకే ఏడాది జనవరిలో పుట్టినవారికన్నా డిసెంబరులో పుట్టిన అబ్బాయిలకు 30 శాతం, అమ్మాయిలకు 70 శాతం ఎక్కువగా ఈ ఏకాగ్రత లోపం, అతి చలాకీతనం ఉన్నట్టు నిర్ధారణ జరిగింది. వీళ్లు తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లు. మార్కులు వేసే ముందు పుట్టినతేదీ కూడా ఒకసారి చూడండి, మాస్టారూ.