నల్లరాతిలోని తెల్లలోహము

బంగారమునకు, వజ్రములకు దక్షిణాఫ్రికా పెట్టినది పేరు. జొహానెస్‌బర్గు, కింబర్లీ నగరముల పేళ్లు మన పిల్లలకు సైతము సుపరిచితములు. కాని బంగారముకంటె అరుదైన ప్లాటినము ఆ దేశపు నేలలో ప్రపంచమున మఱెక్కడను లేనంత విస్తారముగ నిక్షిప్తమై యున్నదన్న సంగతి అంతగా ప్రచారము పొందలేదు. ఆ లోహము వెలికివచ్చిన వృత్తాంతము కేవలము శిలల కథ కాదు. నేల యెవరిది, నేలలోని ధనమెవరిది యను ప్రశ్న ఆ కథలో మొదటినుండి చివరివరకును వెన్నాడుచునే యున్నది.

సుమారు 206 కోట్ల సంవత్సరములకు పూర్వము, నేటి ప్రిటోరియా నగరమునకు ఉత్తరముగ, భూగర్భమునుండి పొంగిన శిలాద్రవము భూమి పొరల నడుమ చొరబడి, నెమ్మదిగ చల్లారి గట్టిపడినది. దానికే బుష్‌వెల్డ్ శిలాసముదాయమని పేరు. వైశాల్యము సుమారు 65,000 చదరపు కిలోమీటర్లు. లోపలనే చల్లారుటచే రేణువులు పెద్దవై యేర్పడిన యిట్టి నల్లరాతిని గాబ్రో యందురు. నోరైటు దానికి దగ్గరి జ్ఞాతి. తెలుగువారికి ఈ రాయి క్రొత్తది కాదు. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో త్రవ్వి, 'బ్లాక్ గెలాక్సీ గ్రానైటు' అను పేరుతో దేశదేశములకు అమ్ముచున్న రాయి నిజమునకు గ్రానైటు కానేకాదు. అదియు ఈ గాబ్రో, నోరైటు కుటుంబమునకు చెందినదే. అందు మెఱయు పసిడి చుక్కలు బ్రాంజైటు అను ఖనిజపు రేణువులు. బంగారమని భ్రమించినవారికి ఆశాభంగము తప్పదు.

బుష్‌వెల్డ్ నోరైటులో కొన్ని చోట్ల కనబడు చుక్కలు వేఱు. శిలాద్రవములో గంధకము మితిమీరినపుడు, నీటిలో నూనె విడివడినట్లు, గంధకముతో కూడిన బిందువులు విడివడును. నికెలు, రాగి ఆ బిందువులలోనికి చేరును. ప్లాటినము, పల్లాడియములు వానికంటెను ఆత్రముగ చేరును. బరువైన ఆ బిందువులు క్రిందికి దిగి పలుచని పొరగ నిలిచినవని పెక్కురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఈ విషయమై వాదములు నేటికిని ముగియలేదు. ఎట్లయినను, ఆ పొరలో ప్లాటినము మాత్రము కంటికి కనబడదు. టన్ను రాతిని పిండి చేసినను లభించునది కొలది గ్రాములే. కంటికి కనబడునది రాగి ఖనిజమగు చాల్కోపైరైటు యొక్క ఇత్తడివంటి పసిమి. అన్వేషకుడు ఆ రాగి జాడను పట్టుకొని, కనబడని లోహమును ఊహింపవలెను. ఆ యూహ నిజమో కల్లయో పరీక్షించువాని కొలిమి తేల్చవలెను.

బుష్‌వెల్డ్‌లోని క్రోమైటు రాతిలో ప్లాటినపు ఛాయలున్నట్లు 1906 నాటికే తెలిసియుండెను. కాని అది గిట్టుబాటగునని ఎవరును తలపలేదు. 1923లో వాటర్‌బర్గు ప్రాంతమున కొంత ప్లాటినము బయటపడగా జనులలో ఆసక్తి రేగినది. మరుసటి సంవత్సరము లైడెన్‌బర్గు జిల్లాలో, మాన్‌డగ్స్‌హుక్ అను తన పొలమున, ఆండ్రీస్ లొంబార్డ్ అను రైతు ఎండిన వాగులోని ఇసుకను, మన యిండ్లలో బియ్యము గాలించినట్లు, పళ్లెములో నీటితో గాలించి చూచెను. అడుగున బరువైన తెల్లని రేణువులు మిగిలినవి. వానిని అతడు జొహానెస్‌బర్గులోని హన్స్ మెరెన్‌స్కీకి పంపెను.

మెరెన్‌స్కీ 1871లో ట్రాన్స్‌వాల్‌లోని బొత్సాబెలో అను మిషను గ్రామమున జన్మించిన జర్మను మిషనరీ కుమారుడు; జర్మనీలో గనులశాస్త్రము నభ్యసించినవాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, జర్మను జాతీయుడను కారణమున, నిర్బంధములో నుంచబడెను. రైతు పంపిన రేణువులు చేరునాటికి అతని ఆర్థికస్థితి ఏమంత బాగుగ లేదు. కచేరీలో పోయిన ఫైలును వెదకు గుమాస్తా అది చివర కనబడిన బల్లనుండి ఒక్కొక్క బల్లయే వెనుకకు చూచుకొనుచు పోవును. మెరెన్‌స్కీ చేసినదియు అట్టి పనియే. వాగులోని రేణువు ఏ కొండనుండి కొట్టుకొనివచ్చినదో విచారించుచు పైకి నడచెను. మొదట నిలువు స్తంభములవలె నున్న కొన్ని శిలలలో ప్లాటినము దొరకినది. మఱియొకడైన అంతటితో తృప్తిపడి యుండును. మెరెన్‌స్కీ ఆగలేదు. 1924 సెప్టెంబరులో నోరైటు పొరల నడుమ ఆ పలుచని పొరను కనుగొనెను.

ఈ పొర యొక్క విశేషము దాని దళసరి కాదు. అనేక స్థలములలో అది మనిషి నడుమెత్తు వరకైనను రాదు. విశేషమంతయు దాని నిలుకడలో నున్నది. బుష్‌వెల్డ్ రాళ్లు పుస్తకములోని పుటలవలె వరుసగా నమరియున్నవి. కావున ఒకచోట దొరకిన పుటను పొలమునుండి పొలమునకు, కంచెనుండి కంచెకు వెంబడింపవచ్చును. మెరెన్‌స్కీయు, అతని సహచరులును అట్లే వెంబడించిరి. 1925 నాటికి నూర్ల మైళ్ల దూరమున, పశ్చిమమున నున్న రస్టెన్‌బర్గు వద్దను అదే పొర లభించినది. పాండిత్యముకంటె కాళ్లే అచట ఎక్కువ పని చేసినవి.

తరువాతి ఘట్టము వ్యాపార చరిత్ర చదివినవారు ఊహింపదగినదే. ఏబదికి మించిన కంపెనీలు పుట్టినవి, వాటాల ధరలు ఎగసినవి, ప్లాటినము ధర పడిపోగా పెక్కు కంపెనీలు మూతపడినవి. 1931లో మిగిలినవి కలిసి ఒక పెద్ద సంస్థగా నేర్పడెను. పొరకు మెరెన్‌స్కీ పేరు స్థిరపడినది. లొంబార్డ్ పేరు మాత్రము గ్రంథములందు ఒకటి రెండు పంక్తులకు పరిమితమైనది.

అయితే రస్టెన్‌బర్గు వద్ద ఆ పొర సాగిన నేలలో కొంత భాగము బఫొకెంగ్ అను తెగవారిది. ఆ నేల వారికి దక్కిన విధము స్మరింపదగినది. పంతొమ్మిదవ శతాబ్దమున బోయరు రైతులు ఆ ప్రాంతమును ఆక్రమించి తమలో పంచుకొనిరి. తాతముత్తాతల భూమిలోనే తాము పరాయివారగుట చూచి, వారి నాయకుడు మొఖాట్లె ఒక యుపాయము పన్నెను. తెగలోని యువకులను కింబర్లీ వజ్రపు గనులకు కూలికి పంపెను. వారు తమ వేతనములలో కొంత భాగమును తెచ్చి ఉమ్మడి నిధికి సమర్పించిరి. ఆ ధనముతో తమ నేలను తామే, ముక్కముక్కగా, తిరిగి కొనుక్కొనిరి. నల్లవారి పేర భూమి దస్తావేజు చెల్లదు గనుక, పెంజ్‌హార్న్ అను జర్మను మిషనరీ పేర వ్రాయించిరి. ఆనాడు వారు కోరినది పశువులకు మేత, పిల్లలకు నీడ. అడుగున ప్లాటినమున్నదని కొన్నవారికిని తెలియదు, అమ్మినవారికిని తెలియదు.

తెలిసిన పిమ్మట చిక్కులు మొదలైనవి. 1960 దశకపు చివరి యేండ్లలో ఇంపాలా అను సంస్థ ఆ నేలలో త్రవ్వకము సాగించెను. 1977లో ఆ ప్రాంతము బొఫుతత్స్వానా అను నామమాత్రపు స్వతంత్రరాజ్యములో చేర్పబడినది. బఫొకెంగ్ నాయకుడు లెబొనె 1988లో ప్రవాసమునకు పోవలసివచ్చెను. 1990లో బొఫుతత్స్వానా అధ్యక్షుడు, ధర్మకర్త హోదాలో, తెగవారి సమ్మతి లేకయే కంపెనీతో క్రొత్త ఒప్పందము చేసికొనెను. దస్తావేజుపై మఱియొకరి పేరుండుటలోని ప్రమాదము అప్పుడు పూర్తిగ తెలియవచ్చినది. వారు న్యాయస్థానముల మెట్లెక్కి, ఏండ్ల తరబడి పోరాడిరి. లెబొనె 1995లో మరణించెను. 1999లో కంపెనీ రాజీకి వచ్చి, హెచ్చు రాయల్టీకిని, తన వాటాలలో కొంత భాగమునకును అంగీకరించెను. ఆ సొమ్ముతో తెగవారు రహదారులు, పాఠశాలలు నిర్మించుకొనిరి.

గనులలో దిగి రాతిని తొలుచువారిలో పెక్కురు బఫొకెంగులు కారు. నాడు మొఖాట్లె యువకులు కింబర్లీకి పోయినట్లే, వీరును ఈస్టర్న్ కేప్ నుండి, లెసోతో నుండి కూలికి వచ్చినవారు. రాయల్టీలో వారికి పాలు లేదు. 2012 ఆగస్టులో, రస్టెన్‌బర్గుకు తూర్పున అదే పొరపై నున్న మరికానా గనులలో, రాతిని తొలుచు కార్మికులు నెలకు 12,500 రాండుల వేతనము కోరి సమ్మె కట్టిరి. ఆ నెల 16వ తేదీన పోలీసులు కాల్పులు జరుపగా ఒక్కనాటనే 34 మంది మరణించిరి. మృతులలో అనేకుల శవములను బంధువులు వందలాది మైళ్ల దూరమున నున్న స్వగ్రామములకు కొనిపోయి ఖననము చేసిరి.