సూది నుంచి ఫిస్టులా వరకు: రాయ్‌పూర్‌కు చేరిన ఒక వైద్య చరిత్ర

రాయ్‌పూర్‌లో 1963లో వైద్య కళాశాల ఏర్పడే నాటికి, రోగి సిరలోకి మందు పంపే ప్రయత్నాలకు మూడు శతాబ్దాలు నిండాయి. 1656లో ఇంగ్లండులో క్రిస్టఫర్ రెన్ పక్షి ఈకను, జంతువు మూత్రాశయాన్ని కలిపి కుక్క సిరలోకి ద్రవం ఎక్కించగా, 1832లో థామస్ లట్టా కలరా రోగులకు ఉప్పునీరు ఎక్కించి నేటి సెలైన్‌కు దారి వేశాడు. 1950లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డేవిడ్ మాసా రూపొందించిన ప్లాస్టిక్ సూదితో, లోహపు సూదిని బయటికి లాగి మెత్తని గొట్టాన్ని మాత్రమే సిరలో ఉంచడం సాధ్యమైంది. నేటి కాన్యులాకు అదే పూర్వరూపం.

చేతి పైభాగపు సిరలు సెలైన్‌కు సరిపోయినా, నిమిషానికి వందల మిల్లీలీటర్ల రక్తం కావలసిన డయాలసిస్‌కు చాలవు. అందుకే 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు అమర్చి, వాటిని చర్మం బయట కలిపాడు. దానితో ప్రాణం నిలిచినా, చీము పట్టడం, రక్తం గడ్డకట్టడం తప్పలేదు. 1966లో బ్రెషియా, సిమినో, ఆపెల్ బృందం గొట్టాన్నే విడిచి, చర్మం కింద ధమనిని సిరకు కుట్టే పద్ధతిని ప్రకటించింది. ధమని ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో ఉబ్బి, గోడ మందమై, పదేపదే సూది గుచ్చడానికి అనువవుతుంది. దీన్నే ఫిస్టులా అంటారు. అది సిద్ధమయ్యేలోగా మెడ సిరలోకి క్యాథెటర్ వేస్తారు. కీమోథెరపీ కోసం ఛాతీ చర్మం కింద అమర్చే పోర్టు 1980ల నుంచి వాడుకలోకి వచ్చింది.

ఈ చరిత్ర ఛత్తీస్‌గఢ్‌కు దూరపు సంగతి కాదు. శ్రీకాకుళం ఉద్దానం మాదిరే, గరియాబంద్ జిల్లాలో ఒడిశా సరిహద్దున ఉన్న సుపేబేడా గ్రామాన్ని మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తూ ఉండగా, అక్కడి రోగులు రాయ్‌పూర్‌లో మెకాహారాగా పిలిచే అంబేద్కర్ ఆసుపత్రికో, 2012లో అక్కడే మొదలైన ఎయిమ్స్‌కో రావలసి వస్తోంది. డయాలసిస్ కోసం ఆసుపత్రిలో గడిపేది కొన్ని గంటలే కనుక, మిగిలిన కాలమంతా ఫిస్టులానో క్యాథెటర్‌నో కాపాడుకునే బాధ్యత ఇంటివారిదే అవుతుంది. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బరువులు మోయకూడదు. క్యాథెటర్ ఉంటే దాని కట్టు తడవకూడదు, మూత ఇంట్లో విప్పకూడదు. రోజూ ఉదయం ఫిస్టులాపై వేళ్లు ఆనించి చూసినప్పుడు సన్నని ప్రకంపన తెలియకపోతే, తరువాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.